తీరిక పని



ఇది ఒక ఇంటి కథ. గోదావరి గట్టు దగ్గర, నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. కథలో ఒక అత్త, ఒక కోడలు ఉన్నారు. వాళ్ళ చేతిలో ఒక సూది ఉంది. ఆ సూదితో వాళ్ళు చేసే పనిని అందరూ "తీరిక పని" అంటారు. అది నిజంగా తీరిక పనేనా? చదివి చూడండి. చివర మీరే చెప్పండి.

పొద్దున్నుంచి రాత్రి దాకా

ఉగాదికి ఇంకా నెల రోజులు ఉంది. ఎండ మెల్లగా ముదురుతోంది. మామిడి చెట్లకు పిందెలు దిగాయి.

కోడలు తెల్లవారక ముందే లేచింది. వాకిలి ఊడ్చింది. కళ్ళాపి చల్లింది. ముగ్గు పెట్టింది. పొయ్యి వెలిగించింది. పిల్లలిద్దరికీ స్నానాలు చేయించింది. వాళ్ళు చద్దన్నం తిని బడికి వెళ్ళారు. భర్త చేపల చెరువు దగ్గర పనికి వెళ్ళాడు. గేదెకు గడ్డి వేసింది. అంట్లు తోమింది. బట్టలు ఉతికింది. మధ్యాహ్నానికి కూర, పప్పు వండింది.

అప్పటికి పన్నెండు దాటింది. అత్త అరుగు మీద కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుంది. ఒడిలో తెల్లటి లేసు ముక్కలు ఉన్నాయి. కోడలు కూడా వచ్చి పక్కన కూర్చుంది. సూది, దారం ఉండ తీసింది. ఇద్దరూ పనిలో పడ్డారు.

దారిన పోతున్న పక్కింటి పెద్దాయన పలకరించాడు.

"ఏమ్మా, తీరిగ్గా కూర్చున్నారు?"

"అవును బాబాయ్ గారూ. పనంతా అయిపోయింది. ఊరికే కూర్చోవడం ఎందుకని" అంది కోడలు.

ఆ మాట అన్నదే గాని, ఆమె వేళ్ళు మాత్రం ఆగలేదు. పొద్దు వాలేదాకా ఆగలేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక దీపం కింద మళ్ళీ మొదలుపెట్టింది.

ఒక సూది, ఒక దారం

లేసు ఎలా అల్లుతారో మీలో కొందరికి తెలుసు. తెలియని వారికోసం ఇక్కడ చెబుతున్నాం.

ఉన్ని స్వెట్టరును రెండు పొడవాటి సూదులతో అల్లుతారు. లేసుకు ఒక్క సూదే చాలు. ఆ సూది కొన కొక్కెంలా వంగి ఉంటుంది. దారం సన్నటి నూలు దారం. ఎక్కువగా తెలుపు రంగు.

దారాన్ని ఎడమ చేతి వేళ్ళకు చుట్టుకుంటారు. కుడి చేత్తో సూది పట్టుకుంటారు. కొక్కెంతో దారాన్ని పట్టి లాగుతారు. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు తీస్తారు. వరుసగా తీస్తూ పోతే అది గొలుసు అవుతుంది. గొలుసు రెండు కొసలూ కలిపితే చక్రం అవుతుంది. చక్రం చుట్టూ తిరుగుతూ అల్లితే పువ్వు అవుతుంది.

పువ్వు అల్లడం ఒకరి పని. పూలన్నిటినీ కలిపి పెద్ద గుడ్డగా చేయడం ఇంకొకరి పని. దీన్ని అతుకు పని అంటారు. ఈ ఇంట్లో కోడలు పూలు అల్లుతుంది. అత్త అతుకు పని చేస్తుంది. బల్ల మీద పరిచే గుడ్డలు, దిండు గలీబులు, గ్లాసు కింద పెట్టే గుండ్రటి ముక్కలు ఇలా తయారవుతాయి.

కోడలికి ఈ పని అత్తే నేర్పింది. మొదటి రోజు నేర్పినప్పుడు అత్త ఒక మాట చెప్పింది.

"అమ్మాయ్, అల్లడం ఎంత ముఖ్యమో చివర ముడి వెయ్యడం అంత ముఖ్యం. ముడి వెయ్యకుండా వదిలేశావనుకో, కొస పట్టుకుని లాగితే అల్లిందంతా ఊడిపోతుంది. రోజంతా పడ్డ కష్టం ఒక్క లాగుతో పోతుంది."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. కథలో మళ్ళీ వస్తుంది.

లేసు అల్లేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి.

పనికి కూర్చునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వంట చేసిన చేతులకు పసుపు ఉంటుంది. తెల్ల దారానికి పసుపు అంటితే మచ్చ పడుతుంది.

వెలుతురు బాగా ఉన్నచోట కూర్చోవాలి. మసక వెలుతురులో అల్లితే కళ్ళు లాగుతాయి. తలనొప్పి వస్తుంది.

గంటకోసారి లేవాలి. మెడ, భుజాలు అటూ ఇటూ తిప్పాలి. దూరంగా ఉన్న చెట్టునో, గుడి గోపురాన్నో కాసేపు చూడాలి. కళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది.

దగ్గరి వస్తువులు మసకగా కనబడితే కళ్ళ డాక్టరుకు చూపించుకోవాలి. నలభై ఏళ్ళు దాటినవారికి ఇది మామూలే. కళ్ళజోడు పెట్టుకుంటే సరిపోతుంది. సిగ్గుపడనక్కరలేదు.

ఈ పని ఎక్కడి నుంచి వచ్చింది?

లేసు అల్లిక మన పాత పని కాదు. 19వ శతాబ్దంలో స్కాట్లండు దేశం నుంచి క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతానికి వచ్చారు. వాళ్ళు నర్సాపురం ప్రాంతంలోని పేద ఆడవాళ్ళకు ఈ అల్లిక నేర్పారు. తల్లి దగ్గర కూతురు నేర్చుకుంది. అత్త దగ్గర కోడలు నేర్చుకుంది. ఊరి నుంచి ఊరికి పాకింది. అన్ని మతాలవాళ్ళూ, అన్ని కులాలవాళ్ళూ నేర్చుకున్నారు.

ఈ లేసు ఓడలెక్కి దూరదేశాలకు వెళ్ళింది. ఇంగ్లండు, జర్మనీ, అమెరికా వంటి దేశాల ఇళ్ళలో బల్లల మీద పరుచుకున్నారు. అల్లిన చేతులు మాత్రం అరుగు దిగలేదు. దారం ఇంటికి వస్తుంది. అల్లిన ముక్క ఇంటి నుంచి పోతుంది. మధ్యలో ఏజెంటు ఉంటాడు. ఏజెంటు పైన షావుకారు ఉంటాడు. షావుకారు పైన ఎగుమతి చేసే కంపెనీ ఉంటుంది.

1970ల చివర మరియా మీస్ అనే జర్మనీ దేశపు పరిశోధకురాలు నర్సాపురం ప్రాంతానికి వచ్చింది. ఇంటింటికీ తిరిగింది. ఆడవాళ్ళు రోజుకు ఎన్ని గంటలు అల్లుతున్నారో, ఎంత వస్తోందో లెక్క తీసింది. 1982లో దాని మీద ఒక పుస్తకం వచ్చింది. ఆ లెక్కలో ఏం తేలిందో తెలుసా? ఇంటిపని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినవాళ్ళు ఉన్నారు. అయినా సగటున రోజుకు ఒక రూపాయి కూడా గిట్టలేదు. పొలం కూలి అంతకన్నా చాలా ఎక్కువ.

అంత తక్కువ ఎందుకిచ్చారు? ఆమె చెప్పిన కారణం ఇది. అందరూ దాన్ని తీరిక పని అనుకున్నారు. ఇంట్లో ఊరికే కూర్చునే గృహిణులు పొద్దుపోక అల్లుతున్నారు అనుకున్నారు. పని అనుకుంటే కూలి కట్టాలి. తీరిక అనుకుంటే ఎంత ఇచ్చినా చాలు. విచిత్రం ఏమిటంటే, అల్లినవాళ్ళు కూడా అలాగే అనుకున్నారు.

2024లో నర్సాపురం లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఈ ప్రాంతంలో చేతితో అల్లిన లేసునే ఈ పేరుతో అమ్మాలి. ఇంకెక్కడో మిషను మీద తయారుచేసిన లేసుకు ఈ పేరు పెట్టకూడదు. ఇది మంచి విషయమే. కాని పేరు వచ్చినంత మాత్రాన కూలి దానంతట అది పెరగదు. మన పని విలువ ముందు మనకు తెలియాలి.

నోటు పుస్తకం

మళ్ళీ మన కథలోకి వద్దాం.

కోడలు రాత్రిపూట చదువుల కేంద్రానికి వెళ్ళేది. అక్షరాలు నేర్చుకుంది. అంకెలు నేర్చుకుంది. కూడికలు, తీసివేతలు నేర్చుకుంది. హెచ్చవేతలు, భాగహారాలు కూడా మెల్లగా వస్తున్నాయి. ఒకరోజు కేంద్రంలో అందరికీ తలా ఒక నోటు పుస్తకం ఇచ్చారు. "రోజూ ఏదో ఒకటి రాయండి. మీ ఇంట్లో సంగతే రాయండి" అని చెప్పారు.

ఏం రాయాలో ఆమెకు తోచలేదు. అరుగు మీద సూది, దారం కనిపించాయి. "సరే, ఎన్ని పూలు అల్లానో రాస్తాను" అనుకుంది. పిల్లల స్కేలు తీసుకుని గీతలు గీసింది. వారం, గంటలు, పూలు అని మూడు గళ్ళు పెట్టింది.

మొదటి వారం ఇలా రాసింది.

సోమవారం – 3 గంటలు – 2 పూలు
మంగళవారం – 6 గంటలు – 4 పూలు
బుధవారం – 3 గంటలు – 2 పూలు
గురువారం – 6 గంటలు – 4 పూలు
శుక్రవారం – 3 గంటలు – 2 పూలు
శనివారం – 3 గంటలు – 2 పూలు
మొత్తం – 24 గంటలు – 16 పూలు

ఆదివారం అల్లలేదు. తలంట్లు, ఇల్లు కడగడం, చుట్టాలు. వాటికే సరిపోయింది.

ఇలా నాలుగు వారాలు రాసింది. రెండో వారం 27 గంటలు, 18 పూలు. మూడో వారం పాపకు జ్వరం వచ్చింది. అందుకని 21 గంటలు, 14 పూలు. నాలుగో వారం 24 గంటలు, 16 పూలు.

నాలుగు వారాలూ కూడింది.

గంటలు: 24 + 27 + 21 + 24 = 96
పూలు: 16 + 18 + 14 + 16 = 64

ఏజెంటు పువ్వుకు 12 రూపాయలు ఇస్తాడు. (ఈ రేటు లెక్క నేర్చుకోవడం కోసం వేసింది. మీ ఊళ్ళో రేటు వేరుగా ఉండవచ్చు.)

64 పూలకు: 64 × 12 = 768 రూపాయలు

"ఏడువందల అరవై ఎనిమిది!" అనుకుని సంతోషించింది. ఉగాదికి బాబుకు చొక్కా, పాపకు పరికిణీ వస్తాయి. బెల్లం, కొత్త చింతపండు కూడా కొనవచ్చు.

తరువాత ఇంకో లెక్క చేసింది. 768 రూపాయలను 96 గంటలకు భాగించింది.

768 ÷ 96 = 8

గంటకు 8 రూపాయలు. ఎనిమిది గంటల పనికి 64 రూపాయలు.

కోడలు పెన్సిలు పక్కన పెట్టింది. లెక్క తప్పయిందేమో అనుకుంది. మళ్ళీ చేసింది. అంతే వచ్చింది. నెలకు 96 గంటలు పని చేసిందా తను? "ఊరికే కూర్చున్నాను" అని అన్నది తనేనా?

లెక్క తేలింది

ఉగాదికి మూడు రోజుల ముందు ఏజెంటు వచ్చాడు. సంచి తెరిచాడు. పూలు తీసుకున్నాడు. గబగబా లెక్కపెట్టాడు. చీటీ రాశాడు. డబ్బు చేతిలో పెట్టాడు.

వెనకటి రోజుల్లో అయితే కోడలు ఆ డబ్బు కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళేది. చీటీలో ఏముందో ఆమెకు తెలిసేది కాదు. ఈసారి చీటీ చదివింది.

"58 పూలు. 696 రూపాయలు" అని ఉంది.

"అన్నయ్య గారూ, పూలు అరవై నాలుగు ఉండాలండి" అంది.

"నేను లెక్కపెట్టాను కదమ్మా. యాభై ఎనిమిదే."

అత్త కొంగు పట్టుకుని లాగింది. చిన్నగా చెప్పింది.

"ఊరుకో అమ్మాయ్. ఆయనకు కోపం వస్తే రేపటి నుంచి దారం ఇవ్వడు. పండుగ పూట గొడవెందుకు?"

కోడలికి భయం వేసింది. అత్త చెప్పింది అబద్ధం కాదు. దారం ఇచ్చేవాడు ఆయనొక్కడే. పక్క వీధిలో అల్లేవాళ్ళు ఇంకా పదిమంది ఉన్నారు. అయినా లోపలికి వెళ్ళి నోటు పుస్తకం తెచ్చింది. నాలుగు వారాల లెక్క చూపించింది.

"మీరు తప్పు చేశారని అనడం లేదండి. రోజువారీ రాసుకున్నాను. ఇదిగో చూడండి. ఒకసారి అరుగు మీద పరిచి, ఇద్దరం కలిసి లెక్కపెడదాం."

ఏజెంటు పుస్తకం వంక చూశాడు. ఆమె వంక చూశాడు. తేదీలు వేసి, గీతలు గీసి, వరుసగా రాసి ఉంది. ఆయన ఏమీ అనలేక సంచి తిరగేశాడు. ఇద్దరూ కలిసి పదేసి పూల చొప్పున పేర్చారు. ఆరు వరుసలు వచ్చాయి. పైన నాలుగు పూలు.

"అరవై నాలుగే" అన్నాడు ఏజెంటు. "కాని అందులో ఆరింటికి మచ్చలున్నాయి. మచ్చలున్నవి షావుకారు తీసుకోడు. అందుకే తీసేశాను."

"మచ్చలున్నవి ఏవో చూపించండి. పనికిరానివైతే నాకు వెనక్కి ఇచ్చెయ్యండి" అంది కోడలు.

ఆయన వెతికాడు. రెండు పూలకు నిజంగానే పసుపు మచ్చ ఉంది. మిగిలిన నాలుగూ తెల్లగా ఉన్నాయి. కోడలు ఆ రెండిటినీ తీసుకుంది. అది తన తప్పే అని ఒప్పుకుంది. మిగతా 62 పూలకు లెక్క కట్టారు.

62 × 12 = 744 రూపాయలు

అంతకుముందు ఇచ్చింది 696. ఇంకా 48 రూపాయలు రావాలి. ఏజెంటు జేబులోంచి తీసి ఇచ్చాడు. చీటీ దిద్ది ఇచ్చాడు. కోడలు చీటీని పుస్తకంలో దాచుకుంది.

మచ్చపడ్డ పూలను సబ్బు నీళ్ళలో నానబెట్టి ఉతికింది. రెండు రోజులు ఎండలో ఆరేసింది. పసుపు మచ్చ ఎండకు వెలిసిపోతుంది. పూలు మళ్ళీ తెల్లబడ్డాయి. వాటిని వచ్చే నెల లెక్కలో వేసుకుంది.

ఏజెంటు వెళ్ళబోతుంటే కోడలు ఇంకో మాట అడిగింది.

"అన్నయ్య గారూ, గంటకు ఎనిమిది రూపాయలే పడుతోందండి. పువ్వుకు పదిహేను చేస్తే బాగుంటుంది."

"నా చేతిలో ఏముందమ్మా? పైన షావుకారు చెప్పిందే నేను ఇచ్చేది. ఇష్టమైతే చెయ్యి. లేకపోతే పక్క వీధిలో చేసేవాళ్ళున్నారు" అన్నాడు.

కోడలు ఇంకేమీ అనలేదు.

ఏజెంటు వెళ్ళాక అత్త చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అంది.

"చివర ముడి వెయ్యాలని నీకు నేనే చెప్పాను. లెక్కకు కూడా ముడి ఉంటుందని నాకు తెలియలేదు. అది రాసుకోవడమే కాబోలు."

పక్క వీధిలో

"పక్క వీధిలో చేసేవాళ్ళున్నారు." ఆ మాట కోడలి మనసులో తిరుగుతూనే ఉంది. అవును, ఉన్నారు. వాళ్ళెవరు? పొదుపు సంఘంలో తన పక్కన కూర్చునేవాళ్ళే. తనతో చదువుల కేంద్రానికి వచ్చేవాళ్ళే.

ఆ వారం సంఘం సమావేశంలో కోడలు తన నోటు పుస్తకం అందరికీ చూపించింది. ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని చూశారు. రాయడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించారు.

"నేనూ అంతే చేస్తాను. కాని ఎప్పుడూ లెక్క చూసుకోలేదు" అంది ఒకామె.

"నాకు పోయిన నెల పది పూలు తక్కువ రాశాడు. నేనే తప్పు లెక్కపెట్టాననుకున్నాను" అంది ఇంకొకామె.

"మా ఆయన అంటాడు, నువ్వు ఇంట్లో కూర్చునేదానివే కదా అని. ఈ గంటలు ఆయనకు చూపించాలి" అంది మరొకామె. అందరూ నవ్వారు.

చివరికి మూడు నిర్ణయాలు చేశారు.

ఒకటి: లేసు అల్లే ప్రతి ఒక్కరూ రోజూ గంటలు, పూలు రాసుకోవాలి. రాయడం రానివారికి పక్కవారు రాసిపెట్టాలి.

రెండు: ఏజెంటు దగ్గర తీసుకున్న దారం ఉండలు ఎన్నో, తేదీతో సహా రాసుకోవాలి. చీటీ లేకుండా పూలు ఇవ్వకూడదు.

మూడు: రెండు నెలల లెక్క అయ్యాక అందరి పుస్తకాలూ కలిపి చూడాలి. రేటు గురించి అందరూ కలిసి ఒకేసారి అడగాలి.

రేటు పెరుగుతుందా? ఆ రోజుకు ఎవరికీ తెలియదు. కాని ఒక్కరు అడిగితే "పక్క వీధిలో ఉన్నారు" అనవచ్చు. పక్క వీధివాళ్ళు కూడా కలిసి అడిగితే ఆ మాట అనలేరు.

కొత్త ఏడు, కొత్త పేజీ

ఉగాది రానే వచ్చింది.

ఉగాది అంటే మన తెలుగువాళ్ళకు కొత్త సంవత్సరం. చైత్ర మాసంలో మొదటి రోజు. ఆ రోజును చైత్ర శుద్ధ పాడ్యమి అంటారు. తెలుగు సంవత్సరాలకు అరవై పేర్లు ఉన్నాయి. ప్రభవ మొదటిది. అక్షయ చివరిది. అరవై అయ్యాక మళ్ళీ ప్రభవ వస్తుంది. 2024 ఉగాదికి వచ్చింది క్రోధి. 2025 ఉగాదికి వచ్చింది విశ్వావసు.

కొందరు జనవరి 1న కొత్త సంవత్సరం చేసుకుంటారు. ముందురోజు అర్ధరాత్రి చర్చిలో ప్రార్థనలు చేస్తారు. వాకిట్లో రంగుల ముగ్గులు వేస్తారు. ప్రభుత్వ లెక్కలకు మాత్రం కొత్త ఏడు ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఏ రోజున చేసుకున్నా సంతోషమే. పాత ఏడు ఎలా గడిచిందో చూసుకుని, కొత్త ఏడు బాగుండాలని కోరుకుంటాం.

ఈ ఇంట్లో గుమ్మానికి మామిడి తోరణాలు కట్టారు. అందరూ తలంటుకున్నారు. పాప కొత్త పరికిణీ కట్టుకుని ఇల్లంతా తిరిగింది. బాబు చొక్కా నలుగుతుందని కూర్చోనే లేదు.

అత్త ఉగాది పచ్చడి చేసింది. అందులో ఆరు రుచులు ఉంటాయి. వేపపువ్వు చేదు. కొత్త బెల్లం తీపి. కొత్త చింతపండు పులుపు. మామిడి పిందె వగరు. ఉప్పు ఉప్పన. మిరియాలు కారం. ఏడాదిలో కష్టం, సుఖం అన్నీ కలిసి వస్తాయి. అన్నిటినీ తట్టుకోవాలని ఈ పచ్చడి తింటాం.

మధ్యాహ్నం బొబ్బట్లు తిని అందరూ నడుం వాల్చారు. అత్త, కోడలు అరుగు మీద కూర్చున్నారు. పండుగ కదా, సూది పట్టుకోలేదు. కోడలు నోటు పుస్తకంలో కొత్త పేజీ తీసింది. పైన ఆ రోజు తేదీ వేసింది. కింద గీతలు గీస్తోంది.

అత్త కాసేపు చూసింది.

"అమ్మాయ్, నా గంటలు కూడా రాస్తావా?"

కోడలు తలెత్తింది.

"నువ్వు నెల రోజులే రాశావు. నేను నలభై ఏళ్ళు అతికాను. ఎన్ని పూలు అతికానో నాకే తెలియదు. నువ్వు అల్లుతున్నప్పుడు పిల్లలను చూసింది నేనే. గేదెకు నీళ్ళు పెట్టింది నేనే. అదీ ఎవరూ రాయలేదు. రాయమని నేనూ అడగలేదు."

కోడలికి గొంతు పట్టేసింది. తన గంటలు లెక్కపెట్టుకుంది. అత్త గంటలు లెక్కపెట్టలేదు. ఊళ్ళో వాళ్ళు తన పనిని తీరిక పని అంటే బాధపడింది. పక్కనే కూర్చున్న అత్త పనిని తనూ అలాగే చూసింది.

"తప్పయిపోయింది అత్తయ్యా. మీకు వేరే గడి పెడతాను" అంది.

పేజీలో ఇంకో గీత గీసింది. గడి పైన "అత్తయ్య" అని రాసింది. పెన్సిలు అత్త చేతికి ఇచ్చింది.

"మీ గంటలు మీరే వెయ్యండి. అంకెలు నేను నేర్పుతాను."

"ఈ వయసులోనా?"

"సూది పట్టుకున్న చెయ్యి కదా అత్తయ్యా. పెన్సిలు ఎంతసేపు?"

అత్త కళ్ళజోడు సర్దుకుంది. ముందు రోజు మూడు గంటలు అతుకు పని చేసింది. కోడలు 3 అంకె వేసి చూపించింది. అత్త మెల్లగా దిద్దింది. మొదటిది వంకరగా వచ్చింది. రెండోది పడుకున్నట్టు వచ్చింది. మూడోది బాగా వచ్చింది.

దారిన పోతూ పక్కింటి పెద్దాయన మళ్ళీ పలకరించాడు.

"ఏమ్మా, ఇద్దరూ తీరిగ్గా కూర్చున్నారు?"

"అవునండీ, ఇవాళ నిజంగానే తీరిగ్గా కూర్చున్నాం. పండుగ కదా!" అంది అత్త.

కొత్త మాటలు

అతుకు పని – అల్లిన ముక్కలను కలిపి పెద్ద గుడ్డగా చేయడం
ఎగుమతి – మన వస్తువులను వేరే దేశానికి పంపి అమ్మడం
భౌగోళిక గుర్తింపు – ఒక ప్రాంతంలో తయారైన వస్తువుకు ఆ ప్రాంతం పేరు మీద ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు
పరిశోధకురాలు – ఒక విషయాన్ని వెతికి, చూసి, లెక్క తీసి చెప్పే స్త్రీ

చెప్పండి

1. కోడలు పక్కింటి పెద్దాయనకు మొదటిసారి ఏమని చెప్పింది? అది నిజమేనా?
2. ఏజెంటుతో గొడవ వద్దని అత్త ఎందుకు చెప్పింది?
3. మచ్చపడ్డ రెండు పూల విషయంలో కోడలు ఏం చేసింది?
4. అత్త తన గంటలు రాయమని అడిగినప్పుడు కోడలు ఎందుకు బాధపడింది?

లెక్క చెయ్యండి

1. పువ్వుకు 15 రూపాయలు ఇస్తే 64 పూలకు ఎంత వస్తుంది?
2. ఆ డబ్బును 96 గంటలకు భాగించండి. గంటకు ఎంత పడుతుంది?
3. మీ ఊళ్ళో పొలం పనికి రోజు కూలి ఎంత? ఎన్ని గంటల పని? గంటకు ఎంత పడుతుంది? కోడలికి గంటకు వచ్చిన 8 రూపాయల పక్కన రాసి చూడండి.

మీరూ రాయండి

మీరు లేసు అల్లకపోవచ్చు. బీడీలు చుడుతూ ఉండవచ్చు. విస్తళ్ళు కుడుతూ ఉండవచ్చు. అప్పడాలు చేస్తూ ఉండవచ్చు. బట్టలు కుడుతూ ఉండవచ్చు. అమ్మకానికి ఏమీ చేయకపోయినా ఇంటిపని ఉంటుంది. ఒక వారం పాటు రోజూ ఎన్ని గంటలు పని చేశారో రాయండి. మీ ఇంట్లో ఇంకో ఆడమనిషి ఉంటే ఆమెకూ ఒక గడి పెట్టండి. వారం చివర కూడండి. కేంద్రానికి తీసుకురండి. అందరం కలిసి చదువుకుందాం.